నాలుగో చోటు

సోమవారం ఉదయం పదకొండు గంటలకు పెద్దసారు వచ్చి మ్యాపులమ్మ కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆయన అలా వెనక నిలబడ్డాడంటే ఏదో మార్చమనడానికేనని ఆమెకు అనుభవం. 

మ్యాపులమ్మ అన్నది జీపు డ్రైవరు పెట్టిన పేరు. ఆ సహాయశాఖ ఆఫీసులో మ్యాపుల పని తెలిసింది ఆమె ఒక్కతికే కాబట్టి ఆ పేరు అటెండరు నుంచి పెద్దసారు దాకా అందరి నోళ్ళలో నిలిచిపోయింది. ఇప్పుడు ఆమె ముందున్న తెరమీద ఊరూ, ఊరి చుట్టుపక్కల ఇరవై కిలోమీటర్ల నేలా పరుచుకుని ఉన్నాయి. నేల వాలుకొక పొర, మట్టి రకానికొక పొర, రోడ్లకొకటి, నీళ్ళ పైపులకొకటి, వరద ముంపుకొకటి. ఒక్కో పొరకు ఇంత బరువని అంకె ఇస్తే కంప్యూటరు అన్నిటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి, శిబిరం వేయదగ్గ నేలను ఆకుపచ్చగా, పనికిరానిదాన్ని ఎర్రగా చూపిస్తుంది.

సరిహద్దు అవతల యుద్ధం మొదలై, జనం కట్టుబట్టలతో ఇటు నడిచొచ్చి డెబ్భై రోజులైంది. ఆరువందల నలభై మందిని తీసుకెళ్ళి ఆడపిల్లల బడిలో పదకొండు గదుల్లో సర్దారు. వానలు మూడు వారాల్లో పడతాయి. ఈలోగా వాళ్ళకొక చోటు చూపించాలి.

"ఊరికి దూరం అన్నదానికి ఎంతిచ్చావు?" అన్నాడు పెద్దసారు.

"పది శాతం సార్."

"ముప్పై చెయ్యి."

"అప్పుడు ముంపుకీ మట్టికీ తగ్గించాల్సొస్తుంది సార్. అన్నీ కలిపి నూరే కదా."

"తగ్గించు మరి. ఊరి పెద్దలంతా దూరంగా పెట్టమని నా పీకమీద కూర్చున్నారమ్మా. ఒకటో చోటు ఇక మర్చిపో, రెండు నెలల తగాదా తర్వాత దాన్ని లారీల యార్డుకి రాసేశారు. ఆ కాగితం మొన్ననే వెళ్ళిపోయింది. శుక్రవారం నేను సంతకం పెట్టాలి."

ఒకటో చోటంటే హైవే పక్కది. రెండోది రాతినేల, అక్కడ గడ్డపార దిగదు. మూడోది ఏటి మలుపు దగ్గర పల్లం. మ్యాపులమ్మ పది తీసేసి ముప్పై కొట్టింది. మట్టి దగ్గర ఇరవై అయిదు పదిహేనయింది. ముంపు దగ్గర ఇరవై పదయింది. బొత్తాం నొక్కగానే గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకింది. ఏటి మలుపు దగ్గర నారింజరంగు మచ్చ నెమ్మదిగా పచ్చబడింది.

"చూశావా? కంప్యూటరే చెప్పింది" అని ఆమె కుర్చీ వెనక్కి రెండుసార్లు తట్టి వెళ్ళిపోయాడు ఆయన.

అబద్ధమేదీ రాయలేదు. ఏ అంకె గురించి ఎవరు అడిగినా సమాధానం చెప్పొచ్చు. అయినా ఆ పచ్చదనం చూడలేక ఆమె తెర ఆర్పేసింది.

సాయంత్రం ఇంటికి చేరేసరికి అత్తగారు సింకు దగ్గర మోచేతుల దాకా సుద్దపొడి కడుక్కుంటోంది. ఆ ఆడపిల్లల బడికి ఆవిడే హెడ్మిస్ట్రెస్. ఒకే వరండాలో మూడు తరగతులకు పాఠం చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది.

"ఇవాళ ఎనిమిదో తరగతి వాళ్ళకి మెట్ల మీద పరీక్ష పెట్టాను. పైమెట్టు పిల్లకి కిందిమెట్టు పిల్ల పేపరంతా కనిపిస్తోంది. ఏకంగా ఆరుగురికి ఒకే తప్పు!" అని నవ్వబోయి దగ్గింది. "పోనీ కసురుకుందామా అంటే గదుల్లో ఉన్నవాళ్ళని చూశాక నోరు రాదు. బ్లాక్‌బోర్డులు అడ్డం పెట్టుకుని సంసారాలు చేస్తున్నారు. మొన్న ఒకావిడ నా దగ్గరికొచ్చి, పిల్లల చదువు చెడగొడుతున్నామమ్మా అని ఏడ్చింది. ఏం చెప్పను?"

"శుక్రవారానికి తేలిపోతుంది అత్తయ్యా. చోటు దొరికింది."

అత్తగారు తడిచేతులతోనే వెనక్కి తిరిగింది. "నిజంగా?"

ఆ ముఖంలో వెలుగు చూసి మ్యాపులమ్మ గబుక్కున బియ్యం డబ్బా మూత తీసి తల అందులోకి వంచింది.

మర్నాడు మంగళవారం, చోటు చూసి రావడానికి జీపు బయలుదేరింది. నిబంధన ప్రకారం శరణార్థుల తరఫున ఒకరుండాలి. వాళ్ళు పంపిన మనిషి అరవై ఏళ్ళవాడు, సన్నగా, గట్టిగా ఉన్నాడు. సరిహద్దు అవతల నలభై ఏళ్ళపాటు బావులు తవ్వాడట. బడిలో అందరూ బావులాయన అనే అంటారు. మాట యాస వేరేగాని అర్థమవుతుంది.

"పెద్దాయనా, ముందు కూర్చో. వెనక సీటు స్ప్రింగులు పోయాయి, నీ ఎముకలకి మేం లెక్క చెప్పాల్సొస్తుంది" అన్నాడు డ్రైవరు.

"నా ఎముకలు ఇక్కడిదాకా నడిచొచ్చాయి నాయనా, నీ జీపు వాటినేం చేస్తుంది" అని బావులాయన వెనకే ఎక్కాడు.

ఏటి మలుపు దగ్గర జీపు ఆగింది. బావులాయన దిగి, చెప్పులు విప్పి చేత పట్టుకుని కాస్తదూరం నడిచాడు. వంగి మట్టి తీసి నలిపి, అరచేతిలో మిగిలినవాటిని మ్యాపులమ్మకు చూపించాడు. గోరంత తెల్లటి నత్తగుల్లలు. ఎండిపోయి, పట్టుకుంటే పొడయ్యేలా ఉన్నాయి.

"ఇవి ఎండలో పుట్టవు కదమ్మా" అన్నాడంతే.

మరుగుదొడ్ల కోసం నేల పరీక్ష చేయాలి. మోచేయి దాటి చేయి పట్టేంత గుంట తవ్వి, బకెట్టు నీళ్ళు పోసి, స్కేలు నిలబెట్టి అరగంటలో నీళ్ళు ఎంత ఇంకాయో రాసుకోవాలి. గుంట బావులాయనే తవ్వాడు. పైన జానెడు మేర గోధుమరంగు మట్టి, దాని కింద బూడిదరంగు బంకమన్ను. పార దిగినప్పుడల్లా చప్పరించినట్టు శబ్దం. మ్యాపులమ్మ నీళ్ళు పోసి గడియారం చూసుకుంది. ముగ్గురూ గుంట చుట్టూ గొంతుక్కూచున్నారు.

పది నిమిషాలు. ఇరవై. స్కేలు మీద నీటిగీత ఉన్నచోటే ఉంది. ముప్పయ్యో నిమిషానికి చూస్తే ఒక గీత పైకొచ్చింది. ఆమె కళ్ళు చిట్లించి మళ్ళీ చూసింది. పక్కగోడల్లోంచి చెమట పట్టినట్టు ఊట దిగుతోంది.

"ఇంకడం పోయి ఊరుతోందేంటి మ్యాపులమ్మా!" అన్నాడు డ్రైవరు. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు.

బావులాయన చేతులు గడ్డికి తుడుచుకున్నాడు. "ఈ చోటు ఎవరెంచారమ్మా?"

"కంప్యూటర్లో లెక్క వేస్తాం. లెక్కలో వచ్చింది."

"లెక్కకి కాళ్ళు తడవవు కదా" అన్నాడు. కోపంగా అనలేదు. పక్కనున్న మనిషికి ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు. అందుకే ఆమె తలెత్తలేకపోయింది. పరీక్ష కాగితం మీద అంకెలు వేసి, తను సంతకం పెట్టి ఇచ్చింది. ఆయన గుండ్రటి అక్షరాలతో తన పేరు రాశాడు. సాక్షి అన్నచోట డ్రైవరు కూడా గీకాడు.

తిరుగుప్రయాణంలో ఆమెకు పెద్దసారు మీద కోపం మరిగిపోయింది. ఆరువందల నలభై మందిని నీళ్ళలోకి తోసి, కంప్యూటరే చెప్పిందని చేతులు దులుపుకుంటాడా? ఈ కాగితం బల్లమీద పెట్టి అడగాల్సినవన్నీ మనసులో వరసగా పేర్చుకుంది. పేర్చుకున్న కొద్దీ తను మంచిదాన్నేనన్న ధైర్యం కూడా పెరిగింది.

బుధవారం పొద్దున్నే ఆఫీసుకొచ్చి బరువులన్నీ మళ్ళీ మొదట ఉన్నట్టు పెట్టింది. ఏటి మలుపు మళ్ళీ నారింజరంగుకు తిరిగింది. ఒకటోది లేదు, రెండోది రాయి. వేరే చోటు చూపించకుండా ఇది వద్దంటే పెద్దసారు వినడు. అందుకని మినహాయింపు పొరలు ఒక్కొక్కటే విప్పి చూద్దామనుకుంది. లెక్కలోకి రాకూడదని ముందే మూసిపెట్టిన స్థలాలవి. అడవి పొర తీసింది. కొత్తగా ఏమీ రాలేదు. సైన్యం భూములు తీసింది. ఏమీ లేదు. శ్మశానాల పొర ముట్టుకోలేదు. చివరికి రిజర్వు స్థలాల పొర తీసి బొత్తాం నొక్కింది.

ఊరి ఉత్తరపు అంచున చక్కటి ముదురు ఆకుపచ్చ ముక్క ఒకటి తేలింది.

ఎనిమిదెకరాలు. మనిషికి నలభై అయిదు చదరపు మీటర్ల చొప్పున ఆరువందల నలభై మందికీ సరిపోగా ఇంకా మిగులుతుంది. సన్నటి వాలు, ఇసుక కలిసిన ఎర్రమట్టి. నీళ్ళ పైపు రెండొందల మీటర్లలో ఉంది. నూటికి ఎనభై ఆరు మార్కులు. ఒకటో చోటుకు కూడా డెబ్భై తొమ్మిదే వచ్చాయి.

ఆమె దాన్ని పెద్దది చేసి చూసింది. పక్కన ఇళ్ళ కప్పులు వరసగా ఉన్నాయి. మూడో వరస చివర నీలం రంగు నీళ్ళ ట్యాంకు కనిపించింది. ఆ ట్యాంకు వాళ్ళింటిది.

 ముక్కమీద నొక్కితే వివరాల పట్టిక తెరుచుకుంది. స్థలం: ప్రభుత్వానిది. కారణం: పార్కు ప్రతిపాదన. ఉత్తర్వు నంబరు: ఖాళీ. తేదీ: రెండేళ్ళ కిందటిది. నమోదు చేసినవారు అన్నచోట మూడక్షరాలున్నాయి. అవి ఆమె పేరు పొడి అక్షరాలే.

మర్చిపోయింది. నిజంగానే మర్చిపోయింది. కాలనీ సంఘానికి భర్త సెక్రటరీ. ఒక సాయంత్రం ఇద్దరు పొరుగువాళ్ళని వెంటబెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. రేపెవరో వచ్చి వెనక గోడౌన్ కట్టకుండా ఒక్క గీత గీసిపెట్టమ్మా, పార్కని రాసెయ్, అన్నారు. దానికేముందిలే అనుకుని మర్నాడు భోజనానికి లేచే ముందు పది నిమిషాల్లో గీసేసింది. పార్కు రాలేదు. సాయంత్రాలు అందరూ అక్కడ కార్లు కడుక్కుంటారు.

ఆమె పొరను మళ్ళీ యథాస్థానంలో పెట్టింది. ఆకుపచ్చ ముక్క మాయమైపోయింది. ఎంత తేలిగ్గా మాయమైందో! ఈ సంగతి ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదు. ఈ పట్టిక తెరవడం చేతనైన మనిషే ఆఫీసులో మరొకరు లేరు. నిన్నటి నుంచి పెద్దసారు కోసం పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ ఇప్పుడు గుర్తుకు రావడం లేదు.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర చెప్పేసింది. చెబుతున్నంతసేపూ ప్లేటు అంచు తుడుస్తూనే ఉంది.

భర్త తినడం ఆపాడు. "సరే, తప్పే. నేనడిగాను, నువ్వు గీశావు. కాని ఇప్పుడు ఆ గీత తీస్తే కాలనీలో నేను తలెత్తుకు తిరగగలనా? ఆ ఇద్దరూ నన్ను నమిలేస్తారు."

"తీయకపోతే వాళ్ళని ఏటి పల్లంలో వేస్తారు. గుంటలో నీళ్ళు ఊరడం నా కళ్ళతో చూశాను."

"అది మీ పెద్దసారు పాపం."

"ఆయన సోమవారం మార్చింది ఒక్క అంకె. నేను రెండేళ్ళ కిందటే మొత్తం నేలనే చెరిపేశాను."

"ఉద్యోగం ఉంటుందా అసలు?"

"తెలీదు."

అత్తగారు మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది. "ఎక్కడన్నావూ? మన వెనకా?"

"అవునత్తయ్యా."

ఆవిడ కిటికీ వైపు చూసింది. ఆ కిటికీ పక్కనే కూర్చుని రోజూ పేపర్లు దిద్దుకుంటుంది. బడి ఖాళీ అయితే చాలని డెబ్భై రోజులుగా అందరినీ అడుగుతున్న మనిషి. ఇక్కడ మాత్రం వద్దన్న భావం ఆ ముఖంలో ఒక్క క్షణం కదలడం కోడలు చూసింది. కార్లు కడుక్కునే ఇరుగుపొరుగు ముఖాల్లో రేపు చూడబోయేదీ అదే. తర్వాత అది పోయింది. దాని స్థానంలో వచ్చినది ఇంకా కష్టంగా ఉంది.

"అంటే ఈ గీత లేకపోతే, నువ్వు వేసిన మొదటి మ్యాపులోనే ఆ చోటు వచ్చేదా?"

మ్యాపులమ్మకు ఈ ప్రశ్న తోచలేదు. లేదా, తోచకుండా తనే చూసుకుంది. "వచ్చేది" అంది.

"వాళ్ళొచ్చిన మొదటి వారంలోనే."

"అవును."

అత్తగారు తిట్టలేదు. వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుంటూ లేచి కంచం సింకులో పెట్టింది. "బడికి యాభై ఒక్క పనిదినాలు పోయాయి" అని అటు తిరిగే అంది. "మూడో గదిలో ముసలాయన గాలాడక ఆస్పత్రి పాలయ్యాడు. ఇంకా రాలేదు."

గురువారం మ్యాపులమ్మ పెద్దసారు దగ్గరికి నేరుగా వెళ్ళలేదు. ముందు కింద ఇన్‌వార్డు గుమస్తా దగ్గరికి వెళ్ళింది. రెండు పేజీల ఉత్తరం, నాలుగో చోటు మ్యాపు, ఏటి మలుపు గుంట పరీక్ష కాగితం. గుమస్తా చదవకుండానే మూడింటిమీదా టక్ టక్ మని ముద్రలు గుద్ది నంబరు వేశాడు. నకలు పట్టుకుని ఆమె మెట్లెక్కింది.

పెద్దసారు మ్యాపు చూసి కళ్ళజోడు తీశాడు. "ఊరికి దూరంగా చూడమంటే ఊరి ఒళ్ళో పెడతావా?"

"మూడో చోట నీళ్ళు ఊరుతున్నాయి సార్. పరీక్ష కాగితం మ్యాపు కింద ఉంది."

"మరి ఇది ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చింది?"

"మూసేసి ఉంది సార్. ఉత్తర్వు లేకుండా మూశారు."

"ఎవడా వెధవ?"

"నేనే సార్."

 ఆయన ఉత్తరం మొదటి పేజీ చదివాడు, రెండో పేజీ చదివాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "పిచ్చిదానా, ఎందుకమ్మా ఇదంతా? డేటా లోపం అని ఒక ముక్క రాస్తే సరిపోయేది కదా. నీ పేరు, మీ ఆయన పేరు, బరువులు ఎప్పుడు ఎవరు మార్పించారో కూడా... చించి మళ్ళీ రాసుకురా."

"ఇన్‌వార్డులో నంబరు పడింది సార్."

"నన్నడగకుండానే?"

"అడిగితే పెట్టనివ్వరేమోనని."

ఆయన ఆమెవంక చూశాడు. ఆ చూపులో కోపం ఉంది, భయం కూడా ఉంది. ఆ భయం తనకు తెలిసినదే కాబట్టి ఆమెకు ఆయనమీద అసహ్యం కలగలేదు. "వెళ్ళు" అన్నాడు చివరికి.

శుక్రవారం సంతకం జరగలేదు. ఆమెకు మెమో వచ్చింది. మ్యాపుల సీటు నుంచి తీసి, విచారణ అయ్యేదాకా కింది అంతస్తులో పాత రికార్డుల గదికి వేశారు. శనివారం వేరే ఆఫీసు నుంచి ముగ్గురు వచ్చి రెండు చోట్లా గుంటలు తవ్వి చూసుకున్నారు. వాళ్ళతో ఎవరూ ఆమెను మాట్లాడనివ్వలేదు. ఆదివారం కాలనీ సంఘం సమావేశమైంది. భర్త వెళ్ళి వచ్చి, సెక్రటరీ పుస్తకం వాళ్ళకే ఇచ్చేశానని మాత్రం చెప్పి మంచమెక్కాడు. ఎదురింటావిడ గేటు దగ్గర కనబడి ముఖం తిప్పుకుంది. సోమవారమంతా రికార్డుల గదిలో దుమ్ముపట్టిన కట్టలు విప్పుతూ, మెట్లమీద అడుగుల చప్పుడు విన్నప్పుడల్లా మ్యాపులమ్మ చేతిలో పని ఆగిపోయేది.

ఎవరూ వచ్చి చెప్పలేదు. మంగళవారం పొద్దున్న వంటింట్లో ఉండగా వెనకనుంచి సుత్తి దెబ్బలు వినిపించాయి.

కిటికీ దగ్గర అత్తగారు అప్పటికే నిలబడి ఉంది. "ఈ చోటు వాళ్ళకి ఆరు నెలలకి ఇచ్చారట. డ్రైవరు ఫోన్ చేశాడు" అంది. ఆ తర్వాత, కోడలివైపు చూడకుండానే, "నేను బడికెళ్తున్నాను. గదులు కడిగించాలి" అని సంచి భుజాన వేసుకుంది. వారంగా ఆవిడ కోడలితో అన్న పెద్ద మాట అదే.

మ్యాపులమ్మ వెనక గేటు తీసుకుని బయటికి నడిచింది. ఎనిమిదెకరాల ఖాళీలో పదిపన్నెండుమంది మేకులు కొడుతున్నారు. గుడారాల వరసలకు తాడుతో గుర్తు వేస్తున్న బావులాయన ఆమెను చూసి సుత్తి కింద పెట్టాడు.

"రండమ్మా. మంచి నేల. మూడడుగులు తవ్వినా పొడిగానే ఉంది" అన్నాడు. ముఖమంతా నవ్వు. "మీరే వెతికిపెట్టారని డ్రైవరు చెప్పాడు. ఆఫీసులో మీకేదో ఇబ్బందయిందట కూడా. మా వాళ్ళంతా మిమ్మల్ని తలుచుకుంటున్నారు."

ఊ అంటే సరిపోయేది. అనాలనే ఉంది. ఆ నవ్వు ముందు నిలబడి ఇంకోలా మాట్లాడాలంటే, ముద్ర వేసిన ఉత్తరం ఇవ్వడం కంటే కష్టంగా ఉంది.

"వెతకడం కాదండీ. దీన్ని దాచింది కూడా నేనే. రెండేళ్ళ కింద, ఇక్కడి ఇళ్ళవాళ్ళ కోసం. ఆ నీలం ట్యాంకు మాదే. అది దాచకపోతే మీరొచ్చిన వారానికే ఇక్కడుండేవాళ్ళు."

బావులాయన నవ్వు ఒక్కసారిగా పోలేదు. కొంచెం కొంచెంగా పోయింది. ట్యాంకు వంక చూశాడు. ఆ తర్వాత అటు బడి ఉన్న దిక్కు చూశాడు. అరచేతులకు అంటిన ఎర్రమట్టిని ఒకదానితో ఒకటి రుద్ది రాల్చాడు. అవతల ఎవరో కొడుతున్న మేకు నాలుగు దెబ్బలకు నేలలోకి దిగిపోయింది.

"ఇంకేమైనా దాచారా అమ్మా?" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడుగుతున్నాడు. లేదు అనబోయి ఆమె ఆగింది.

"ఇప్పటిదాకా ఇంకేదీ కనపడలేదు. సీటు లేదుగాని, పాత కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. చూస్తున్నాను."

 ఆయన క్షమించానని గాని, పరవాలేదని గాని అనలేదు. వంగి కింద చుట్టగా పడి ఉన్న తాడు తీసి, ఒక కొస ఆమె చేతికిచ్చి, రెండో కొస పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచాడు. ఇరవై గజాల అవతల ఆగి గొంతెత్తి అరిచాడు.

"బిగించి పట్టుకోండమ్మా. మీరు వదులు చేస్తే వరసంతా వంకరపోతుంది!"

ఆమె రెండు చేతులతో బిగించి పట్టుకుంది.